బుడగల మొక్క

ఆ ఎండాకాలం నేను నూట ఇరవై మంది సైన్సు టీచర్లకి ఒక దొంగని గుర్తుపట్టడం నేర్పాను. ఆ దొంగ మా ఇంట్లోనే ఉంది. పెరట్లో కుళాయి పక్కన, నీలం బకెట్లో. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం దానికి నీళ్లు మారుస్తున్నది నేనే.

ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే నవ్వుతారు. అందుకే ఆ రోజుల్లో ఎవరు పలకరించినా విసుక్కున్నాను. విసుక్కునేవాళ్లని ఎవరూ ప్రశ్నలు అడగరు.

ముందు పని సంగతి. మా ఊరికి నీళ్లిచ్చే జలాశయాలు రెండు. పై జలాశయాన్ని అప్పటికే ఒక మొక్క మింగేసింది. నీళ్ల అడుగున పెరిగే మొక్క. చిటికెన వేలంత ముక్క తెగి కొట్టుకుపోయినా, ఆగిన చోట మళ్లీ మొలుస్తుంది. ఆకు సన్నటి పోగులుగా చీలి విసనకర్రలా విప్పారి ఉంటుంది కాబట్టి మా శాఖవాళ్లు దానికి విసనకర్ర కలుపు అని పేరు పెట్టారు. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు తెచ్చారో తెలియదు. కింది జలాశయం మాత్రం ఇంకా శుభ్రంగానే ఉంది. దాంట్లోకి నీళ్లు తెచ్చే కాలవలన్నీ స్కూళ్ల వెనక నుంచి పారతాయి. స్కూళ్లు తెరిచి, వానలు పడి, కాలవలు నిండేలోగా ఇలాంటి ఆక్రమణ జాతుల్ని గుర్తుపట్టడం, పిల్లలకి చెప్పడం టీచర్లందరికీ నేర్పాలని పైనుంచి ఉత్తర్వు. ఆ పని నా నెత్తిన పడింది. నేను చదివింది పురుగుల గురించి. ఆ మాట మా డైరెక్టర్ గారికి చెప్పాను కూడా.

"పురుగులు తినేది మొక్కల్నే కదమ్మా," అన్నారాయన. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

మూడు వారాలు, మూడు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి నలభై మంది. సెలవుల్లో ఉన్న ఒక కాలేజీ ప్రయోగశాల ఇచ్చారు. ఆరు ఫ్యాన్లలో రెండు తిరుగుతాయి. అందరూ ఆ రెంటి కిందే కూర్చుంటారు. నేను మిగిలిన నాలుగింటి కింద నిలబడి పాఠం చెప్పాలి.

మొదటి బ్యాచ్‌కి మొదటి రోజు మధ్యాహ్నమే పరీక్ష పెట్టాను. పన్నెండు గాజు సీసాలు, పన్నెండు నంబర్లు, చేతిలో గుర్తింపు పట్టిక. పట్టిక అంటే ప్రశ్నల కాగితం. మొక్క నీళ్లలో మునిగి ఉందా? అవునంటే రెండో ప్రశ్నకి, కాదంటే ఐదో ప్రశ్నకి. అలా పోతూ పోతూ చివరికి ఒక పేరు దగ్గర తేలతాం. మొక్క గురించి ఏమీ తెలియని మనిషికి కూడా పేరు దొరకాలని తయారుచేసిన కాగితం అది.

పట్టిక వైపు దాదాపు ఎవరూ చూడలేదు. సీసా చూడటం, రాయడం. అయినా పదకొండు నమూనాలు చక్కగా గుర్తుపట్టారు. ఏడో నంబరు దగ్గర మాత్రం ముప్పై తొమ్మిది కాగితాల్లో ఒకే జవాబు. 'బుడగల మొక్క. హాని లేదు. ఏడో తరగతి మొదటి పాఠంలో ప్రయోగానికి వాడతాం.'

కాగితాలు ఊపుతూ నిలబడ్డాను. "ఏడో నంబరు విసనకర్ర కలుపు! మిమ్మల్నందరినీ ఇక్కడికి పిలిపించిందే దానికోసం. దాన్నొక్కదాన్నీ తప్పు రాశారు."

ముందు వరసలో కళ్లజోడు టీచరమ్మ తాపీగా లేచింది. "అది మా బుడగల మొక్కే మేడమ్. గరాటు కింద పెట్టి ఎండలో ఉంచితే బుడగలొస్తాయి చూడండీ, అదే. మా స్కూలు తొట్టి నిండా ఉంది."

"పోలిక చూసి మోసపోకండి. పువ్వు చూడండి. నీటి మీద తేలే చిన్న ఆకు చూడండి."

"పువ్వెక్కడుంది మేడమ్?"

వంగి చూశాను. పై జలాశయం నుంచి తెచ్చినప్పుడు పువ్వుంది, తేలే ఆకులూ ఉన్నాయి. నాలుగు రోజుల ఉక్కకి కుళ్లి రాలిపోయాయి. సీసాలో మిగిలింది ఒట్టి పచ్చటి తోక.

"రాలిపోయింది," అన్నాను. "ప్రయోగాల మొక్క వేరు, ఇది వేరు. ప్రయోగాల మొక్క మంచిదే. రాసుకోండి."

రాసుకున్నారు. ఒక్కాయన మాత్రం చెయ్యెత్తాడు. వెనక బెంచీ, బట్టతల, చొక్కా జేబులో మూడు పెన్నులు.

"నేను లెక్కల మేష్టారినండి. మా స్కూల్లో సైన్సు పోస్టు ఖాళీగా ఉందని నన్ను తోలారు. నాకు మొక్కలు తెలియవు. అందుకని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసుకుంటూ పోయాను. విసనకర్ర కలుపు అని తేలింది."

"శభాష్. చూశారా అందరూ?"

"కానీ మేడమ్, పక్కాయన ఫోన్లో వాళ్ల స్కూలు తొట్టి ఫోటో చూపించాడు. దానికీ అలాగే చేశాను. దానికీ అదే పేరొచ్చింది."

"ఫోటో చూసి తేల్చకూడదండీ."

"ఎందుకని మేడమ్?"

"మేష్టారూ, టీ చల్లారిపోతోంది."

ఆయన టీ తాగడానికి వెళ్లాడు. ఎందుకని అన్న ప్రశ్న అక్కడే బెంచీ మీద ఉండిపోయింది.

*

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, అత్తయ్య. మా ఆయన పై జలాశయం పంపుహౌస్‌లో ఆపరేటరు. పంపు మూతికి అడ్డంగా ఇనప జాలీ ఉంటుంది. గంటకోసారి దాంట్లో చిక్కుకున్న కలుపుని పీకి పడేయాలి. ఆ ఎండాకాలం ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా తడవని రోజు లేదు.

అత్తయ్య రిటైరైన సైన్సు టీచరు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, పదకొండు స్కూళ్లు. చుట్టుపక్కల సైన్సు చెప్పేవాళ్లలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు, మిగతా సగం ఆవిడ కింద పనిచేసినవాళ్లు. అందరికీ ఆవిడ పెద్ద టీచర్. కొత్తగా సైన్సు టీచరు ఉద్యోగం వచ్చినవాళ్లు స్కూల్లో చేరేముందు మా ఇంటికి రావడం ఒక ఆనవాయితీ. ఆవిడ పెరట్లోకి తీసుకెళ్లి నీలం బకెట్లోంచి ఒక కొమ్మ తుంచి సీసాలో వేసి ఇచ్చేది. "తొట్టిలో వేసుకో. ఏడాది తిరిగేసరికి నిండుతుంది. ప్రయోగానికి వెతుక్కోనక్కర్లేదు," అనేది. పెద్ద టీచర్ చేతి కొమ్మ లేని స్కూలంటే ప్రయోగశాల లేని స్కూలని అర్థం.

పరీక్ష జరిగిన సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాను.

"నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది! ఒకే మొక్క! ఒకే తప్పు!"

"పట్టిక చూడలేదన్నమాట," అంది అత్తయ్య పేపర్లోంచి తలెత్తకుండా. "నా పిల్లలకి నేను నేర్పిన మొదటి ముక్క అదే. తెలుసు అనుకున్నదాన్ని రెండుసార్లు చూడమని."

"వాళ్లంతా మీ పిల్లలే అత్తయ్యా."

"అయితే నువ్వు సరిగా అడిగుండవు."

పళ్లు నూరుకుంటూ పెరట్లోకి వెళ్లాను. మా ఆయన కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. నీలం బకెట్ ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉంది.

"ఇవాళ పదకొండు సార్లు పీకాను," అన్నాడు. "ఆ దిక్కుమాలిన కలుపు మొహం చూస్తే చాలు, అన్నం సహించట్లేదు. కొంచెం ఆ బకెట్ పక్కకి జరుపు, సబ్బు అందట్లేదు."

బకెట్ పక్కకి జరిపాను.

రెండో బ్యాచ్ కూడా అంతే. ఏడో నంబరు, బుడగల మొక్క, హాని లేదు. మళ్లీ అదే గొడవ. మళ్లీ నేను నెత్తీనోరూ కొట్టుకుని ప్రయోగాల మొక్క వేరు, ఇది వేరు అని రాయించాను. ఈసారి లెక్కల మేష్టారు లేడు. హాయిగా సాగిపోయింది.

*

రెండో బ్యాచ్ వెళ్లిన మర్నాడు ఆదివారం. బకెట్లో నీళ్లు మార్చే రోజు. మొక్కని తీసి పళ్లెంలో పెట్టి, బకెట్ తోమి, ఆ చేత్తోనే మా ఆయన ప్యాంట్లు ఉతకడానికి కూర్చున్నాను. ఒక ప్యాంటు మడత విప్పగానే కలుపు ముద్ద ఒకటి జారి పళ్లెంలో పడింది. విసుక్కుంటూ తీయబోయాను.

ఏది తీయాలో తెలియలేదు.

ఈ కొస చూశాను, ఆ కొస చూశాను. ఎదురెదురు ఆకులు. చీలిన పోగులు. విసనకర్రలు. లోపలికెళ్లి భూతద్దం, పట్టిక తెచ్చుకున్నాను. ముప్పై తొమ్మిది మంది చూడకుండా వదిలేసిన కాగితం అది. ఒకటో ప్రశ్న, రెండో ప్రశ్న, మూడు, నాలుగు. ఫోటో చూసి తేల్చకూడదండీ అని నేనన్న మాట చెవుల్లో గింగిర్లెత్తింది.

పువ్వు లేకపోవడంలో వింతేమీ లేదు. బకెట్ ఉండేది నీడలో. అది ఆరేళ్లలో ఒక్కసారీ పూయలేదు. నేనూ పువ్వు బొమ్మ చూసే దొంగని వెతికాను.

మా ఆయన్ని పెరట్లోకి లాక్కొచ్చి పళ్లెం చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

"రెండేళ్లుగా దీన్ని పీకుతున్నాను," అన్నాడు చివరికి.

"దాని పక్కనే కాళ్లు కడుక్కుంటున్నారు."

"నువ్వు దానికి స్నానం చేయిస్తున్నావు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లోపల అత్తయ్య ఫోన్లో ఎవరికో చెబుతోంది. "రా నాయనా, కొమ్మదేముంది, ఎప్పుడైనా తీసుకెళ్లొచ్చు."

"మీరు చెప్పండి," అన్నాను.

"నేనా? పంపు గురించైతే చెబుతాను. ఇది నీ సబ్జెక్టు."

"మీ అమ్మ!"

"అందుకే కదా నీ మీద పెడుతున్నాను," అని చల్లగా జారుకున్నాడు. ఆ రోజు డ్యూటీ లేదు. అయినా పంపుహౌస్‌కి వెళ్లిపోయాడు.

సోమవారం చెబుదామనుకున్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పాత విద్యార్థుల ఉత్తరాలు సర్దుకుంటోంది. మంగళవారం నోరు తెరిచాను. "పళ్లు నొప్పా?" అని అడిగింది. బుధ, గురువారాలు నీళ్లు నమిలాను. ఇక మూడో బ్యాచ్ దగ్గర నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఏడో సీసాని బీరువాలో పెట్టి తాళం వేయడం. పదకొండు నమూనాలతో పాఠం నడిపాను. ఒక కుర్ర టీచరు లేచి, "మేడమ్, ఆరు తరవాత ఎనిమిది ఉందేంటి?" అని అడిగితే, "ముందు ఆరు నేర్చుకోండి," అని కసిరాను.

శుక్రవారం డైరెక్టర్ గారు పిలిచారు. మొహం వెలిగిపోతోంది.

"రేపు ముగింపు సభ. మూడు బ్యాచ్‌లూ వస్తున్నాయి. మీ అత్తగారే ముఖ్య అతిథి. నాకొక ఐడియా వచ్చిందమ్మా. ప్రతి టీచరుకీ ఆవిడ బకెట్లోంచి ఒక కొమ్మ, గాజు సీసాలో, ఆవిడ చేత్తో. ఫోటో అదిరిపోద్ది."

"సార్, అది ఇవ్వకూడదు. అదే ఇది."

"ఏది ఏది?"

"ఆవిడ మొక్కే మనం వెతుకుతున్న కలుపు."

ఆయన నా వంక చూశారు. తరవాత బల్ల కింద ఉన్న అట్టపెట్టెల వంక చూశారు. "సీసాలు వచ్చేశాయమ్మా," అన్నారు.

*

శనివారం తెల్లారేసరికి అత్తయ్య పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. చుట్టూ నూట ఇరవై సీసాలు. పెద్ద తొట్టెలో మొక్క పచ్చగా పరుచుకుని ఉంది. ఎక్కడిదా అని చూస్తే, నీలం బకెట్ చాలదని పక్క వీధి స్కూలు నుంచి తెప్పించిందట. అదీ ఆవిడ ఇచ్చిన మొక్కే. కొమ్మ తుంచడం, సీసాలో వేయడం, మూత పెట్టడం. పాట కూడా ఏదో కూనిరాగం తీస్తోంది.

"అత్తయ్యా, అవి పంచకూడదు."

"ఎందుకు?"

భూతద్దం, పట్టిక తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టి దూరంగా నిలబడ్డాను.

ఆవిడ నా వైపు చూసింది. కాగితం వైపు చూసింది. ఒక కొమ్మ తీసి అరచేతిలో పరిచి, క్లాసులో చదివినట్టే పైకి చదవడం మొదలుపెట్టింది. "ఒకటి. మొక్క మొత్తం నీటిలో మునిగి ఉండునా? ఉండును. రెండు. ఆకులు కాండం చుట్టూ గుంపుగా ఉండునా, ఎదురెదురుగా జతలుగా ఉండునా? జతలు. మూడు. ఆకు చీలి ఉండునా?" అక్కడ గొంతు కొంచెం నెమ్మదించింది. నాలుగో ప్రశ్న చదివింది. దాని ఎదురుగా ఉన్న పేరు కూడా చదివింది.

ఆ కొమ్మ పక్కన పెట్టి ఇంకో సీసాలోంచి ఇంకో కొమ్మ తీసింది. "ఒక్క నమూనాతో తేల్చకూడదు," అంది.

రెండోసారి చేసింది. మూడోసారి కూడా చేసింది. మూడోసారి పైకి చదవలేదు.

భూతద్దం మడిచి నా చేతికిచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఎండబెడితే ఎన్నాళ్లకి చస్తుంది?"

"పలచగా పరిస్తే రెండు మూడు రోజులు. పొడి పొడి అవ్వాలి."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"ఇవాళ శనివారం," అంది.

అంతే. మళ్లీ సీసా తీసుకుని కొమ్మ వేసి మూత బిగించింది. తరవాత ఇంకోటి.

"అత్తయ్యా! ఇంకా నింపుతున్నారేంటి?"

"నూట ఇరవై మందికి నూట ఇరవై నమూనాలు కావద్దూ? లేకపోతే పాఠం ఎలా చెబుతాను? ఆ మూతలు ఇలా ఇయ్యి, మొద్దులా నిలబడకుండా."

*

హాలు కిటకిటలాడింది. పెద్ద టీచర్ లోపలికి రాగానే నూట ఇరవై మందీ లేచి నిలబడ్డారు. డైరెక్టర్ గారు మైకు ముందు ఆవిడ గురించి పావుగంట మాట్లాడారు. అందులో మూడుసార్లు ఈ మహావృక్షం అన్నారు. ఆవిడ వాచీ చూసుకుంది.

సీసాలు పంచారు. అందరూ మురిసిపోతూ గుండెలకి హత్తుకున్నారు. ఫోటో తీశారు. అప్పుడు అత్తయ్య మైకు పక్కకి జరిపేసింది. ఆ గొంతుకి మైకు ఎప్పుడూ అక్కర్లేదు.

"కూర్చోండి. పట్టిక తీయండి. చేతిలో ఉన్నదేమిటో తేల్చండి. పది నిమిషాలు. పక్కవాళ్ల కాగితంలోకి చూస్తే బయటికి పంపిస్తాను."

కిసుక్కున నవ్వులు. తరవాత కాగితాల చప్పుడు. మూడో ప్రశ్న దగ్గరికి ఎవరు వచ్చారో నాకు మొహాల్లో తెలుస్తూనే ఉంది. కళ్లజోడు టీచరమ్మ రెండుసార్లు మొదటికి వెళ్లింది. తరవాత తల పైకెత్తి నా వైపు చూసిన చూపు నేను ఈ జన్మలో మరిచిపోను. ఆవిడ నోటుపుస్తకంలో 'ప్రయోగాల మొక్క మంచిది' అని నేనే రాయించాను.

"ఇది ప్రోగ్రాంలో లేదమ్మా," అని డైరెక్టర్ గారు నా చెవిలో గొణిగారు.

లెక్కల మేష్టారు అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. "విసనకర్ర కలుపండి."

"ఎవరి దగ్గర చదువుకున్నావు సైన్సు?"

"ఎవరి దగ్గరా లేదండి. నాది లెక్కలు."

"అందుకే తేలింది," అంది అత్తయ్య. "మిగతావాళ్లకేం తేలింది?"

తలలన్నీ సీసాల మీదికి వంగాయి.

"సరే, ఇది చెప్పండి. ప్రయోగం అయిపోయాక మొక్కని ఏం చేస్తున్నారు?"

"కాలవలో వదులుతాం టీచర్," అంది కళ్లజోడు టీచరమ్మ.

"చెత్తబుట్టలో ఎందుకు వేయరు?"

టీచరమ్మ నేల చూపులు చూసింది. వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు. "ప్రాణమున్నదాన్ని చెత్తలో పారేయకూడదని చెప్పారు టీచర్."

"ఎవరు?"

"మీరే."

అత్తయ్య గ్లాసందుకుని రెండు గుక్కల మంచినీళ్లు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. మూత కూడా పెట్టింది.

"అవును. ముప్పై నాలుగేళ్లు చెప్పాను. అది కొట్టేసి, దాని కింద ఇది రాసుకోండి. ఒకటి. మొక్కని నీళ్లలోంచి తీసి గోనెపట్టా మీద పలచగా పరచాలి. రెండు. పొడి అయ్యేదాకా ఎండలోనే ఉంచాలి. మూడు. తొట్టి నీళ్లు కాలవలో పోయకూడదు, మట్టి నేల మీద పోయాలి. స్కూళ్లు తెరవడానికి పదకొండు రోజులుంది. నేనూ మా కోడలూ వస్తాం. ఎవరి తొట్టిలో కొమ్మ కనిపించినా నాకు కోపం వస్తుంది. నా కోపం మీకు తెలుసు."

తెలిసినవాళ్లు నూట ఇరవై మందీ తలలూపారు. బయటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర సీసాలు వెనక్కి తీసుకున్నాం. నేను లెక్కపెట్టాను. నూట పంతొమ్మిది. ఇంకోసారి లెక్కపెట్టాను. అత్తయ్య తిన్నగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి, ఎవరో వెళ్తూ చేతికిస్తే ఆయన బల్ల మీద పెన్నుల పక్కన అందంగా అమర్చుకున్న సీసా పట్టుకొచ్చింది.

"నాకు ఇచ్చారనుకున్నానండీ," అన్నారాయన.

"పది నిమిషాలు నేను చెప్పిందంతా ఎవరికనుకున్నారు?"

*

ఆ పదకొండు రోజులు నా జీవితంలోకెల్లా పొడవైనవి. పొద్దున్నే ఆరింటికి, "అమ్మాయ్, చెప్పులేసుకో," అని కేక. బస్సు దిగడం, తాళం కోసం వాచ్‌మన్‌ని వెతకడం, తొట్టి తోడడం, గోనెపట్టా పరచడం, మళ్లీ బస్సు. నేను వల వేసే తీరు ఆవిడకి నచ్చదు. అడుగున మిగిలిపోతోందంటుంది. అడుగున చూస్తే నిజంగానే మిగిలి ఉంటుంది. అది ఇంకా ఒళ్లు మండించేది.

మా ఆయనకి సెలవు రోజున తొట్లు మోసే పని పెట్టింది. "రెండేళ్లు చూసి గుర్తుపట్టలేదు కదరా, ఇప్పుడు మొయ్యి," అంది. ఆయన నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. ఆరేళ్లు చూసినదాన్ని.

ఒక స్కూల్లో కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు అడ్డంగా నిలబడ్డాడు. "దీన్ని ముట్టుకోనివ్వనండీ. ఇది పెద్ద టీచర్ గారు ఇచ్చిన మొక్క. మీరెవరో నాకు తెలియదు కానీ, ఆవిడ వింటే బాధపడతారు."

"పడింది బాబూ," అని అత్తయ్య చీర కుచ్చిళ్లు దోపుకుని తొట్టిలోకి వల దించింది.

స్కూళ్లు తెరిచేనాటికి నూట ఇరవై స్కూళ్ల తొట్లలో నూట పదహారు అయ్యాయి. మిగిలిన నాలుగు, తెరిచిన వారంలో చేశాం. ఆ ఏడాది ఏడో తరగతి మొదటి పాఠంలో బుడగల ప్రయోగం బదులు సీసాలో ఎండిన పొడి చూపించి ఇది ఎలా వచ్చిందో చెప్పారు. పిల్లలకి బుడగలే బాగుండేవని కళ్లజోడు టీచరమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాకూ అలాగే అనిపించింది. వానలు పడ్డాయి, కాలవలు నిండాయి. మా ఆయన్ని కింది జలాశయానికి మార్చారు. రోజూ సాయంత్రం ఆయన పొడి ప్యాంటుతో ఇంటికి రావడం, అత్తయ్య ఆ ప్యాంటు అంచుల వైపు ఒకసారి చూసి పేపర్లో తల దూర్చడం. నీలం బకెట్‌తో ఇల్లు తుడవడం మొదలుపెట్టాం.

వానలు తగ్గాక రిపోర్టు రాయాల్సి వచ్చింది. 'జాతి ఈ ప్రాంతానికి ఎలా చేరింది' అని ఒక గడి. ఎన్నో రాసి కొట్టేసి, చివరికి 'ఆధారాలు లభించలేదు' అని రాశాను. కాగితాలు భోజనాల బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి బల్ల మీద ఎర్రసిరా పెన్ను మూత లేకుండా ఉంది.

నా వాక్యం మీద అడ్డగీత. పక్కన గుండ్రటి చేతిరాత.

'ఆధారాలు లభించాయి. ముప్పై నాలుగేళ్లపాటు ఒక సైన్సు టీచరు తన చేత్తో స్కూలు స్కూలుకీ ఇచ్చింది. ప్రయోగం అయ్యాక కాలవలో వదలమని నేర్పింది కూడా ఆవిడే.' కింద పూర్తి పేరు, పనిచేసిన పదకొండు స్కూళ్లు, రిటైరైన తేదీ, సంతకం.

దాని కింద ఇంకో పేరా.

'అదే మొక్కకి ఆరేళ్లు నీళ్లు మార్చిన శిక్షకురాలు ఒకరు, అదే మొక్కని రెండేళ్లు పంపు జాలీలోంచి పీకిన ఆపరేటరు ఒకరు అదే ఇంట్లో ఉన్నారు. ముగ్గురిలో ఎవరూ పట్టిక చూడలేదు. వివరాలకి మా కోడలిని సంప్రదించగలరు.'

పక్కన నా ఫోన్ నంబరు.

పేజీ మార్చి మళ్లీ టైపు చేయొచ్చు. చేయాలనే కూర్చున్నాను. మొదటి పేరా మార్చకుండా రెండోది ఒక్కటే తీసేయడం ఎలాగో తోచలేదు. ఎర్రసిరాతోనే పంపేశాను.

పది రోజుల తరవాత ఫోన్ మోగింది. లెక్కల మేష్టారు.

"మేడమ్, మా స్కూలుకి సైన్సాయన వచ్చాడండి. వస్తూ వస్తూ తొట్టిలోకి ఏదో మొక్క తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది. కాగితంతో చేశాను."

"ఏం తేలింది?"

"అదే చెబుతున్నాను. చివరి దాకా వెళ్లినా ఏ పేరూ రావట్లేదు. రెండుసార్లు చేశాను. మీరు టీ తాగి రండి, తొందరేం లేదు."

ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాను. తరవాత భూతద్దం సంచిలో వేసుకుని గుమ్మంలోకి వచ్చి కేక పెట్టాను.

"అత్తయ్యా! చెప్పులేసుకోండి."